ఏడో స్థానం ఎక్కడా కనిపించలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఫ్రాన్స్ నావికుడు డామియన్ సెగాన్ మీద వచ్చిన కథనం చదివాను. ఎడమ అరచెయ్యి లేకుండా పుట్టిన మనిషి ఒంటరిగా తెరచాప పడవ మీద భూగోళాన్ని చుట్టి వచ్చాడని రాశారు. నిజమే. పట్టుదల, సంకల్పబలం, ఆత్మవిశ్వాసం అన్నీ కథనంలో ఉన్నాయి. చివరి వాక్యం దాకా వెతికినా కనిపించనిది ఒక్కటే. ఆ పందెంలో ఆయన ఎన్నో స్థానంలో వచ్చాడు?

ఏడో స్థానం అండీ. 2020 నవంబరు 8న ఫ్రాన్స్ పడమటి తీరంలోని లే సాబ్ల్ దొలొన్ నుంచి 33 పడవలు బయల్దేరాయి. తుది జాబితాలో ఆయనది ఏడో పేరు. అదేమీ విహారయాత్ర కాదు, వాందే గ్లోబ్ అనే పందెం. క్రికెట్ మ్యాచ్ గురించి రాస్తూ ఎవరు ఎన్ని పరుగులు చేశారో చెప్పకుండా బ్యాట్స్‌మన్ మనోధైర్యాన్ని మెచ్చుకుని ఊరుకుంటే మీ స్పోర్ట్స్ డెస్క్ ఒప్పుకుంటుందా?

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. నా ఎడమ చెయ్యి కూడా పుట్టుకతోనే మణికట్టు దగ్గర ఆగిపోయింది. ఈ మాట సానుభూతి కోసం చెప్పడం లేదు. ఆ కథనంలో నేను వెతికింది ఏమిటో మీకు అర్థం కావాలని చెప్తున్నాను. పడవ అంటేనే తాళ్లు. తెరచాప ఎత్తాలన్నా, బిగించాలన్నా, వదలాలన్నా తాడే. మరి ఆయన తాడు ఎలా లాగాడు?

రెండు చేతులున్నవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. చిన్నప్పుడు బావిలో నీళ్లు తోడిన నాకు తెలుసు, కష్టం లాగడంలో లేదు. ఒక చేత్తో బరువు ఎంతైనా గుంజొచ్చు. గుంజిన తాడు మళ్లీ జారిపోకుండా, చెయ్యి వదిలి ఇంకాస్త కింద అందుకోవడమే కష్టం. మిగతావాళ్లు ఒక చెయ్యి మార్చి ఒక చెయ్యి వేస్తారు. నేను ఒక గుంజు గుంజి, తాడును కాలి కింద తొక్కిపట్టి, వంగి మళ్లీ అందుకునేదాన్ని. తొక్కిపట్టడం ఒక లిప్త ఆలస్యమైతే చేద సర్రున కిందికి పోయేది, అరచెయ్యి చీరుకుపోయేది.

పందెపు పడవల్లో ఆ కాలి పని చేసేందుకు ఒక చిన్న బిళ్ల ఉంటుంది. క్యామ్ క్లీట్ అంటారు. స్ప్రింగు మీద తిరిగే రెండు పళ్ల దవడలు. తాడును వాటి మధ్య నుంచి లాగినంతసేపు దవడలు తెరుచుకుంటాయి. వదలగానే తాడు వెనక్కి జారబోతుంది కదా, ఆ జారుడుకే దవడలు బిగుసుకుంటాయి. ఎంత గట్టిగా వెనక్కి లాగితే అంత గట్టిగా పట్టు. వదిలించాలంటే తాడును పైకి ఎత్తితే చాలు. వికలాంగుల కోసం కనిపెట్టింది కాదిది, ప్రతి పందెపు పడవలోనూ ఉంటుంది. నాకు మాత్రం దాని బొమ్మ చూడగానే, ఇది మా బావి గట్టు మీద ఉండి ఉంటే ఎంత బావుండేదో అనిపించింది.

మీ కథనాన్ని తొమ్మిదో తరగతికి తీసుకెళ్లి చదివించాను. పిల్లలు సంకల్పబలం గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఎదురుగాలి వస్తే పడవ ముందుకెలా వెళ్తుంది? ఒక్కడే ఉంటే నిద్రపోయేదెప్పుడు? తాడు లాగుతున్నప్పుడు చుక్కాని ఎవరు పడతారు? అన్నీ మంచి ప్రశ్నలే, ఒక్కదానికీ కథనంలో జవాబు లేదు. ఎదురుగాలి సంగతి నేనే బోర్డు మీద బాణాలు గీసి చెప్పాను. గాలికి నేరుగా ఎదురెళ్లడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. సుమారు 45 డిగ్రీల వాలులో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంకరటింకరగా పోవాల్సిందే. తెరచాప విమానం రెక్కలా పనిచేసి పడవను లాగుతుంది. అడుగున నీళ్లలో ఉన్న కీల్ పక్కకు కొట్టుకుపోకుండా ఆపుతుంది. మా పుస్తకంలోని బలాల పాఠం ఇదే. ఎప్పుడు మలుపు తిప్పాలన్నదే ఆటగాడి తెలివి.

ఆ తెలివికి పరీక్ష పెట్టే పడవ ఒకటుంది. సెగాన్ కథ మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి. దాని పేరు 2.4ఎంఆర్. నాలుగు మీటర్లకు కాస్త పైన పొడవు, సుమారు 260 కిలోల బరువు. ఆ బరువులో ఎక్కువ భాగం అడుగున కీల్‌లో ఉన్న సీసానిదే. మామూలు చిన్న పడవల్లో గాలి ఒక వైపుకు ఒరిగిస్తే ఆటగాడు రెండో వైపు అంచు మీదికెక్కి, ఒళ్లంతా బయటికి వాల్చి బ్యాలెన్స్ చేస్తాడు. 2.4ఎంఆర్‌లో ఆ పని సీసం చూసుకుంటుంది. ఆటగాడు పడవ మధ్యలో ముందుకు చూస్తూ కూర్చుంటాడు. దూరం నుంచి చూస్తే తల, భుజాలే కనిపిస్తాయి. తాళ్లన్నీ ఎదురుగా చేతికందే చోటికి వస్తాయి. చుక్కానిని చేత్తో తిప్పొచ్చు, కాళ్ల దగ్గర పెడళ్లతోనూ తిప్పొచ్చు. పందెం మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఎవరూ కూర్చున్న చోటి నుంచి కదలరు.

అందువల్ల ఏమవుతుందో చూడండి. పారాలింపిక్స్‌లో ఈ పడవల తరగతికి (ఒకే రకం పడవలతో సాగే పోటీని తరగతి అంటారు) ఆడ, మగ తేడా లేదు. చెయ్యి లేనివాళ్లకు ఒక పందెం, కాళ్లు కదలనివాళ్లకు ఇంకో పందెం అనీ లేదు. అందరికీ ఒకటే స్టార్ట్ లైను. 2004లో ఏథెన్స్‌లో సెగాన్ స్వర్ణం గెలిచాడు. 2008 బీజింగ్ క్రీడల్లో పడవ పందేలు చింగ్దావ్‌లో జరిగాయి. అక్కడ కాళ్లు చచ్చుబడిన కెనడా ఆటగాడు పాల్ టింగ్లీ స్వర్ణం పట్టుకెళ్లాడు, సెగాన్‌ది రజతం. 2012లో లండన్ క్రీడల పందేలు వేమత్‌లో. రెండు చేతులకూ బొటనవేళ్లు లేకుండా పుట్టిన బ్రిటన్ మహిళ హెలెనా లూకాస్ అందరినీ ఓడించి స్వర్ణం గెలిచింది. సెగాన్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు, పతకమే లేదు. 2016లో రియోలో మళ్లీ ఆయనది స్వర్ణం, లూకాస్‌ది కాంస్యం.

నాలుగు పారాలింపిక్స్‌లో స్వర్ణం, రజతం, నాలుగో స్థానం, మళ్లీ స్వర్ణం. నాకైతే ఆ నాలుగో స్థానమే ఆసక్తిగా ఉంది. ముప్ఫై మూడేళ్ల వయసులో పతకం లేకుండా ఇంటికెళ్లినవాడు నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటి స్థానానికి ఎలా వచ్చాడు? పడవలో ఏం మార్చాడు? స్టార్ట్ లైను దగ్గర ఏం మార్చాడు? ఇవి అడగాల్సినవాడు స్పోర్ట్స్ విలేకరి. మీ కథనంలో లండన్ ప్రస్తావనే లేదు. ఓడిపోయిన సంగతి రాస్తే ఆయనకు అవమానం అనుకున్నారేమో! సచిన్ సున్నాకి ఔటైతే మొహమాటపడి రాయకుండా ఉన్నారా?

ఈ తరగతిలోనే అమెరికా ఆటగాడు నిక్ స్కాండోన్ ఉండేవాడు. 2002లో ఆయనకు ఏఎల్‌ఎస్ అని తేలింది. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడే జబ్బది. 2005లో ఇటలీలో జరిగిన 2.4ఎంఆర్ ఓపెన్ ప్రపంచ పోటీల్లో ఆయన విజేత. ఓపెన్ అంటే ఏ లోపమూ లేనివాళ్లు కూడా బరిలో ఉన్నారన్నమాట. ఆ ఏడాది అమెరికా సెయిలింగ్ సంఘం ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు ఆయనకే దక్కింది. వికలాంగుల విభాగంలో కాదు, మొత్తం ఆటలో. తర్వాత ఒంట్లో బలం తగ్గడంతో ఇద్దరు నడిపే స్కడ్ 18 పడవకు మారి, మోరీన్ మెకినన్ టక్కర్‌తో కలిసి 2008లో స్వర్ణం గెలిచాడు. 2009 జనవరిలో 42 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆయన గురించి ఎప్పుడైనా రాస్తే దయచేసి 2005 నుంచి మొదలుపెట్టండి, 2009 నుంచి కాదు.

మళ్లీ సెగాన్ దగ్గరికి వస్తాను. 1979లో పుట్టింది ఆల్ప్స్ కొండల్లోని బ్రియాన్సాన్‌లో, సముద్రానికి చాలా దూరం. పెరిగింది కరీబియన్‌లో ఫ్రాన్స్‌కు చెందిన గ్వాడెలూప్ దీవిలో. నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్ నుంచి అట్లాంటిక్ దాటి వచ్చే రూట్ దు రమ్ అనే పందెం ముగిసేది ఆ దీవిలోనే. పెద్దయ్యాక వ్యాయామ ఉపాధ్యాయుడిగా చదువుకున్నాడు. ఏథెన్స్ స్వర్ణం మెడలో పడిన మరుసటి ఏడాది, 2005లో, సోలిటేర్ దు ఫిగరో అనే ఒంటరి పడవల పందెంలోకి వస్తానంటే చెయ్యి లేదన్న కారణంతో రానివ్వలేదు.

దీని మీద నా అభిప్రాయం కాస్త చెప్పాలి. సముద్రం మీద ఒంటరి పందెం ప్రమాదకరమే, నిర్వాహకులకు భద్రత బాధ్యత ఉంటుంది, కాదనను. పరీక్ష పెట్టండి. తాడు కట్టమనండి, తెరచాప దించమనండి, నీళ్లలో పడితే పడవెక్కి చూపించమనండి. చెయ్యలేకపోతే పంపించెయ్యండి. ఇవేవీ చూడకుండా చేతిని చూసి వద్దనడం నాకు బాగా తెలిసిన పద్ధతే. ఒకప్పుడు నాకు కెమిస్ట్రీ ల్యాబ్ ఇవ్వడానికి తటపటాయించారు, బ్యూరెట్ ఎలా పడతారు టీచర్ అని. స్టాండు ఉన్నదే బ్యూరెట్ పట్టడానికి.

సెగాన్ అదే ఏడాది ఒక సంఘం పెట్టాడు. దాని పేరుకు కాళ్లూ చేతులూ అని అర్థం. వికలాంగులను, మామూలు ఆటగాళ్లను ఒకే పడవలో ఎక్కించడం దాని పని. ఫ్రాన్స్ తీరం వెంబడి సాగే టూర్ ద ఫ్రాన్స్ పడవల పందెంలో అలాంటి మిశ్రమ జట్టుతో దిగాడు కూడా. 2010లో రూట్ దు రమ్‌లో ఒంటరిగా అట్లాంటిక్ దాటి, పెరిగిన దీవికే చేరాడు. 2018లో ఇంకా పెద్ద పడవతో మళ్లీ దాటాడు. ఆ పడవతోనే 2020లో వాందే గ్లోబ్‌కు వచ్చాడు.

60 అడుగుల పడవ, ఒక్కడే మనిషి. ఎక్కడా ఆగకూడదు, బయటి సాయం తీసుకోకూడదు. ఆఫ్రికా కింద గుడ్ హోప్, ఆస్ట్రేలియా కింద లీవిన్, దక్షిణ అమెరికా కింద హార్న్, ఈ మూడు అగ్రాలనూ చుట్టి బయల్దేరిన చోటికే రావాలి. లెక్కప్రకారం 24,000 నాటికల్ మైళ్ల పైచిలుకు, అంటే దాదాపు 45,000 కిలోమీటర్లు. చుక్కాని ఎవరు పడతారని మా పిల్ల అడిగిందే, ఎక్కువసేపు ఆటోపైలట్టే పడుతుంది. నిద్ర కునుకులుగానే, అలారం పెట్టుకుని. గాలి మారితే లేచి తెరచాప మార్చాల్సిందే.

ఆ తెరచాపల్ని ఉత్త చేత్తో లాగడం ఎవరి తరమూ కాదు. పడవ మధ్యలో ఒక స్తంభం, దానికి రెండు పక్కలా పిడులు. సైకిల్ పెడళ్లను చేతులతో తిప్పినట్టు తిప్పాలి, ఆ తిప్పుడుకు వించీ తిరిగి తాడును చుట్టుకుంటుంది. దీన్ని గ్రైండర్ అంటారు. ఇది రెండు చేతుల పనే, తప్పించుకోలేం. సెగాన్ ఏం చేశాడంటే, ఎడమ పిడికి ఒక తొడుగు పెట్టించుకున్నాడు. మణికట్టు దాకా ఉన్న చేతిని అందులో దూర్చి తిప్పుతాడు. ఆయన కోసం ఆ పడవలో ప్రత్యేకంగా చేసిన ఏర్పాటంటూ ఉంటే అదే. పిడిని పట్టుకోవడానికి వేళ్లు కావాలి కానీ, తిప్పడానికి కావలసింది భుజం. ఈ ఒక్క వివరం దొరికిన రోజు నాకు నిజంగా పండగలా ఉంది. మీ కథనంలో ఇది ఉండి ఉంటే ఈ ఉత్తరమే రాసేదాన్ని కాదేమో.

ఇక పడవ సంగతి. పోటీలో కొత్త పడవలకు ఫాయిల్స్ ఉన్నాయి. పక్కల నుంచి బయటికి వచ్చే కార్బన్ రెక్కలవి. వేగం అందుకోగానే పడవను నీటి మీదికి లేపుతాయి, నీటి రాపిడి తగ్గి పడవ దూసుకుపోతుంది. సెగాన్ పడవ 2008లో తయారైనది, రెక్కల్లేవు. దాన్ని సిద్ధం చేసుకోవడంలో ఆయనకు సాయపడింది జాన్ లే కామ్ అనే సీనియర్. ఆయనదీ రెక్కల్లేని పడవే. 80 రోజుల 21 గంటల 58 నిమిషాలకు సెగాన్ ముగింపు గీత దాటాడు. అందరికన్నా ముందు గీత దాటిన చార్లీ దాలన్‌కూ ఆయనకూ తేడా 16 గంటల లోపే. ఎనభై రోజుల పందెంలో, పన్నెండేళ్ల పాత పడవతో!

నిజానికి గీత దాటిన వరుసలో సెగాన్ ఆరోవాడు. ఏడో స్థానానికి ఎందుకు జారాడన్నది మరో కథ. గుడ్ హోప్ దగ్గర కెవిన్ ఎస్కోఫియే అనే పోటీదారు పడవ నడిమికి విరిగి మునిగిపోయింది. చీకట్లో, పెద్ద అలల్లో వెతికి ఆయన్ని కాపాడింది లే కామ్. వెతకడానికి దారి మళ్లినవాళ్లకు ఆ సమయం తిరిగి జమ చేశారు. లే కామ్‌కు 16 గంటల 15 నిమిషాలు వచ్చాయి. దాంతో సెగాన్ తర్వాత గీత దాటిన లే కామ్ నాలుగో స్థానానికి ఎక్కాడు, సెగాన్ ఒక మెట్టు దిగాడు. విజేత యానిక్ బెస్తావెన్ కూడా గీత దాటింది మూడోవాడిగానే, అలా జమైన సమయంతోనే మొదటి స్థానానికి వచ్చాడు. ఇంత రసవత్తరమైన పందేన్ని పక్కనపెట్టి సంకల్పబలం గురించి రాశారంటే నాకు బాధ కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

మెచ్చుకోవడం మానమని అడగడం లేదు. పొగడ్త ఎక్కడ పడుతుందన్నదే నా పేచీ. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు నా క్లాసులో పది నిమిషాలు కూర్చుని, బయటికి వచ్చాక హెడ్‌మాస్టర్ గారి ముందు తెగ మెచ్చుకున్నారు. ఒక్క చేత్తో బోర్డంతా నింపేశారమ్మా అని. బోర్డు మీద ఎవరైనా ఒక్క చేత్తోనే రాస్తారు కదండీ! ఆ రోజు నేను చెప్పిన పాఠం ఓమ్ నియమం. అది పిల్లలకు అర్థమైందా లేదా అన్నది ఆయన అడగలేదు.

ఇంకో విషయం కూడా మీ కథనంలో లేదు. రియోలో సెగాన్ గెలిచిన స్వర్ణం పారాలింపిక్స్‌లో ఆ తరగతికి ఇప్పటిదాకా చివరి స్వర్ణం. 1996 అట్లాంటాలో ప్రదర్శన ఆటగా వచ్చి, 2000 సిడ్నీ నుంచి పతకాల ఆటగా ఉన్న సెయిలింగ్‌ను 2015 జనవరిలో టోక్యో జాబితా నుంచి తీసేశారు. ఏడుగురాడే ఫుట్‌బాల్ కూడా అప్పుడే పోయింది. తగినన్ని దేశాల్లో ఆడటం లేదన్నది అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ చెప్పిన కారణం. ఆ కారణాన్ని నేను కొట్టిపారేయను. స్కడ్ 18, ముగ్గురు నడిపే సోనార్ లాంటి పడవలు కొనడం, ఓడల మీద దేశాలు దాటించడం పేద దేశాలకు అయ్యే పని కాదు. కానీ పారాలింపిక్స్‌లో లేని ఆటకు ప్రభుత్వాలు డబ్బు పెట్టడం కష్టం. డబ్బు లేకపోతే కొత్త దేశాలు రావు. దేశాలు రాకపోతే ఆట మళ్లీ జాబితాలోకి రాదు. 2024 పారిస్‌కు అడిగారు, 2028 లాస్ ఏంజెలిస్‌కు అడిగారు, రెండుసార్లూ కాదన్నారు. ఇప్పుడు 2032 బ్రిస్బేన్ మీద ఆశ పెట్టుకున్నారు. ఈ మధ్యలో పదిహేనేళ్ల పైబడిన ఖాళీలో ఎంతమంది మంచి ఆటగాళ్ల వయసు దాటిపోతుందో రాయండి, నేను చదువుతాను.

సెగాన్‌కు మహాసముద్రం ఉంది కాబట్టి సరిపోయింది. 2024 నవంబరులో వాందే గ్లోబ్‌కు మళ్లీ బయల్దేరాడు. చక్రాల కుర్చీలోంచి పడవలోకి మారే ఆటగాడికి ఆ దారి అంత సులువు కాదు.

నా విన్నపం చిన్నదే. ఇకమీదట ఇలాంటి ఆటగాడి గురించి రాసేటప్పుడు ఆదివారం అనుబంధానికి కాకుండా స్పోర్ట్స్ పేజీకి పంపండి. 2.4ఎంఆర్‌కు ప్రపంచ పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి, వికలాంగులూ కానివాళ్లూ కలిసే తలపడతారు. ఫలితం ఒక్క పేరాలో వేయొచ్చు. ఈ ఆటలో మొదట వచ్చినవాళ్లకు ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు, అలా పోతుంది, తక్కువ పాయింట్లున్నవాళ్లే విజేత అని ఒకసారి చెప్తే పాఠకులకు అర్థమైపోతుంది. ఎవరు గెలిచారు, ఎన్ని పాయింట్ల తేడాతో, ఆ రోజు గాలి ఎలా ఉంది. చోటు సరిపోకపోతే విశేషణాలు కొన్ని తీసేయండి, నేనేమీ అనుకోను.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచర్